బిళ్లల దొరలు

మాడుగులపల్లి మండలంలో ఇప్పటిదాకా ఎవరింటి గోడమీదా గార్టర్ బిళ్ల వేలాడినట్టు లేదు. ఇది వెనకబాటుతనమే. ఫామ్‌హౌసు వచ్చింది, దానికి రోమన్ స్తంభాలు వచ్చాయి, గేటు మీద సిమెంటు సింహాలు వచ్చాయి. సింహాల వెనక ఉండాల్సిన వంశం ఒక్కటే రాలేదు. ఆ లోటు పూడ్చడానికే యూరపులో వేలంపాటలు నడుస్తున్నాయి. లండన్‌లో స్పింక్ అనే సంస్థ 1666లో పుట్టింది. నాణేలతోపాటు పతకాలూ వేలం వేస్తుంది. అక్కడి తాత సంపాదించిన వీరత్వాన్ని అక్కడి మునిమనవడు అమ్ముకుంటాడు, ఇక్కడి మనం వడ్ల పైసలతో కొనుక్కుంటాం. మన మిర్యాలగూడ మిల్లులు ఊరికే తిరుగుతున్నాయా?

అయితే సరుకు తెలుసుకుని కొనండి. గార్టర్ 1348 ప్రాంతంలో ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు పెట్టింది. నాట్యంలో ఒక దొరసాని మేజోడు పట్టీ జారిపడిందనీ, రాజు దాన్ని తీసి తన కాలికి కట్టుకున్నాడనీ ఒక కథ. నిజమో కాదో గాని, ఇంగ్లండు నైట్‌హుడ్ సంఘాల్లో దానికి మించింది లేదు. ఇంకోటి ఆర్డర్ ఆఫ్ ది బాత్, అక్షరాలా స్నానం. పూర్వం వీరుణ్ని చేసే ముందు తానం పోయించేవాళ్లు, 1725లో మొదటి జార్జి దానికి బిరుదు హోదా కట్టబెట్టాడు. మా దగ్గర ఈ బిరుదు ఇవ్వాలంటే ముందు నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కోవాలి. మూడోది గోల్డెన్ ఫ్లీస్. 1430లో బర్గండీ ప్రభువు ఫిలిప్ బ్రూజ్ నగరంలో స్థాపించాడు. బిళ్ల ఏమిటంటే, నడుముకు పట్టా వేసి వేలాడదీసిన బంగారు గొర్రెపోతు. మన రాష్ట్రంలో 2017లో సర్కారు ఇచ్చిన యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. అవి మేత మేశాయి, కొన్ని చచ్చిపోయాయి, కొన్ని అమ్ముడుపోయాయి. ఫిలిప్ దొర పొట్టేలు మాత్రం ఆరు వందల ఏళ్లుగా ఎవరో ఒకరి మెడకు వేలాడుతూనే ఉంది.

ఇంకో రహస్యం. గార్టర్ హారమైనా, ఫ్లీస్ హారమైనా మెడలో వేసుకున్నవాడి సొత్తు కాదు. ఆయన పోగానే ఇంటివాళ్లు మూట కట్టి తిరిగి అప్పజెప్పాలి. అంటే అంత పెద్ద దొరతనమూ అద్దెదే. పెద్ద సంఘాల్లో గ్రాండ్ క్రాస్ అందుకున్నవాడు భుజం మీంచి నడుం దాకా వెడల్పాటి రంగు పట్టీ వేసుకుంటాడు, దాని చివర బిళ్ల వేలాడుతుంది. కలెక్టరు గది ముందు నిలబడే డవాలా బంట్రోతు వేషమే ఇది. తేడా ఒక్కటే: బంట్రోతుకు జీతం వస్తుంది.

పతకం వెనక ముద్ర చూసి, ఏ కంసాలి ఏ ఏడు పోతపోశాడో చెప్పగలిగే సేకర్త మీద నాకు పేచీ లేదు. ఆయన చదువుకున్నవాడు. నా పేచీ ఇంకొకరి తాతను డ్రాయింగ్ రూములో తగిలించుకునేవాడితో.

ఈ పిచ్చి మనకు కొత్తదేమీ కాదు. 1857 తిరుగుబాటు ముగిసిన కొద్ది ఏళ్లకే, 1861లో, విక్టోరియా రాణి స్టార్ ఆఫ్ ఇండియాను పుట్టించింది. ఆ తొలి జాబితాలోనే హైదరాబాదు నిజాం అఫ్జలుద్దౌలా ఉన్నాడు. తిరుగుబాటులో తమ వైపు ఉన్నందుకు ఇంగ్లీషువాళ్లిచ్చిన రసీదు అది. మనవడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇంకా పైకి పోయాడు. 1911లో స్టార్ ఆఫ్ ఇండియాలోనే పై మెట్టు జీసీఎస్ఐ, 1917లో బ్రిటిష్ సామ్రాజ్య బిరుదు జీబీఈ, 1918లో ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ హోదా. బ్రిటన్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రనుకు విమానాల ఖర్చు ఆయనే పెట్టుకున్నందుకు దానికి హైదరాబాదు పేరు కలిసింది. ఖర్చు ఆయనది అంటున్నాను గాని, జొన్న పండించి శిస్తు కట్టినవాడిది అనడమే సబబు. 1946లో ఆయన మెడలోకి రాయల్ విక్టోరియన్ చైన్ వచ్చింది. అదే ఏడాది జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో, దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య ఆ దొర మనుషుల తుపాకికి పడిపోయాడు. ఆయన మెడలోకి ఏదీ రాలేదు. మూడేళ్లు తిరక్కముందే ఆ చైను యజమాని రాజ్యం పోయింది, కొమరయ్య పేరు మాత్రం పల్లెలో పాటైంది.

కొనుగోలు వ్యవహారంలో ఇంగ్లీషువాళ్లు మనకంటే నిజాయితీపరులు. లాయిడ్ జార్జి ప్రధానిగా ఉన్నప్పుడు నైట్‌హుడ్ పది వేల పౌండ్లు అని ధర కట్టి అమ్మేవాళ్లు. దళారీ పేరు మాండీ గ్రెగరీ. గోల పెద్దదై 1925లో బిరుదుల దుర్వినియోగాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు, 1933లో గ్రెగరీని ఆ చట్టం కిందే జైలుకు పంపారు. మన దగ్గర ఊరూపేరూ లేని విశ్వవిద్యాలయాలు బాంకెట్ హాలులో గౌన్లు తొడిగి డాక్టరేట్లు పంచితే, మర్నాడు ఫ్లెక్సీ లేస్తుంది, జనం దండ వేస్తారు. యూరపులోనూ మాల్టా వీరుల పేరు పెట్టుకున్న దొంగ సంఘాలు ఉన్నాయి, రుసుము కడితే అంగీ, శిలువ రెండూ ఇస్తాయి. ఆ శిలువకు అంత తొందరపడే బదులు మన డాక్టరేటే తీసుకోండి, వీసా ఖర్చు మిగులుతుంది.

మన రాజ్యాంగం 18వ అధికరణ బిరుదుల్ని కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది: భారతరత్న, పద్మ పురస్కారాలు బిరుదులు కావు, వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోవద్దని. అయినా సినిమా టైటిళ్లలో పద్మశ్రీ వేసుకున్నందుకు ఇద్దరు తెలుగు నటుల మీద వ్యాజ్యం హైకోర్టు దాకా పోయింది. బిళ్ల రుచి అలాంటిది.

అన్నీ తెలిశాక కూడా పైసలు కాళ్లకు తగిలి బాధపెడుతుంటే, లండన్ పోయేలోపు ఒకసారి సూర్యాపేట వెళ్లి రండి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ బెటాలియన్‌ను నడిపిస్తూ నేలకొరిగిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుది ఆ ఊరే. మరణానంతరం ప్రకటించిన మహావీర్ చక్రను 2021 నవంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా ఆయన తల్లి, భార్య అందుకున్నారు. ఆ పతకం వెల వేలంలో తేలేది కాదు. ఊరి మధ్యన ఆయన విగ్రహం ముందు రెండు నిమిషాలు నిలబడండి. అక్కడ మీ గార్టర్ జేబులోనే ఉంచుకోండి.

జాతీయ రహదారి మీద వెళ్తే కొర్లపహాడ్ టోల్‌గేటు తగలొచ్చు. నియమాల ప్రకారం పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య చక్రాలు పొందినవాళ్లు గుర్తింపు కార్డు చూపిస్తే రుసుము లేదు. గార్టర్, స్నానం, గొర్రెపోతు ఆ జాబితాలో లేవు. ఫాస్టాగ్‌లో పైసలు వేసుకుని బయల్దేరండి.