పెళ్ళితో పెద్దదయ్యే పిల్ల

కొత్తపేట వాళ్ళ దగ్గర నవలల ప్రస్తావన తెస్తే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ‘వేయిపడగలు’తో బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’లో కథానాయకుడిది ఆ ఊరే. అడివి బాపిరాజు అతనికి ఇవ్వని సుగుణం లేదు. చదువు, దేశభక్తి, కళాభిమానం, అంతులేని ఓర్పు! అలాంటివాణ్ణి చూడగానే పెళ్ళికూతురు కరిగిపోలేదంటే, తప్పు కచ్చితంగా పిల్లదే.

రైల్లో కుర్రాణ్ణి చూసి ముచ్చటపడింది జమీందారు గారు. తాళి కట్టించుకున్నది ఆయన కూతురు శారద. ఆమెకి మొగుడు నచ్చలేదు. జమీందారీ బంధువుల గొప్పలు తలకెక్కాయట. ఆడపిల్ల ‘వద్దు’ అందంటే వెనక ఎవరిదో దుర్బోధ ఉండి తీరాలి, సొంతంగా అనడం ఆ వయసుకి రాని విద్య. అక్కణ్ణుంచి వందల పేజీలు శారద ఎదుగుతుంది. ఎదిగి ఎదిగి, మొగుడు మంచివాడని తెలుసుకుంటుంది. ఇక ఎదగడానికేం మిగల్లేదు కనుక నవల ముగుస్తుంది.

బాపిరాజుని అనడం లేదు, ఆ కాలమే అలాంటిది. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చి ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు నిండాలంటే, మన పెద్దలు పక్కనే ఉన్న ఫ్రెంచి యానాం వెళ్ళి పిల్లల పెళ్ళిళ్ళు చేసుకొచ్చారు. ఆ ఊరికి కళ్యాణపురమని పేరు కూడా వచ్చింది. నా గొడవల్లా, ఇప్పటికీ సభల్లో మైకు పట్టుకుని “ఆ నవలలు ఆడపిల్లల్ని ఎలా తీర్చిదిద్దేవండీ!” అని నిట్టూర్చే వాళ్ళతోనే.

మగపిల్లాడికైతే ఎదగడానికి ఎంత చోటో! కొడవటిగంటి ‘చదువు’లో సుందరం అక్షరాభ్యాసం నుంచి మొదలెట్టి తాపీగా పెద్దవాడవుతాడు. గోపీచంద్ సీతారామారావు అసమర్థుడైనా సరే, అతనికో జీవయాత్ర ఉంది. మగాడు దారి తప్పితే తత్త్వం. చలం రాజేశ్వరి 1927లోనే మొగుణ్ణి వదిలి ‘మైదానం’లోకి నడిచింది. ఆ పుస్తకాన్ని బీరువాలో బట్టల కింద దాచారు.

తర్వాత యద్దనపూడి యుగం. ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగానికి బయల్దేరితే ఆడవాళ్ళంతా సంబరపడ్డారు. ఆమె ఆత్మాభిమానం నిజంగానే గట్టిది, అది కాదనలేం. కాని అంత ఆత్మాభిమానమూ చేరేది రాజశేఖరం దగ్గరికే. అద్దె పుస్తకాల షాపులో నవలలకి అట్ట మీద కొబ్బరినూనె మరకలు, లోపల ఊడిన కుట్లు, చాలావాటికి చివరి పేజీ ఉండేది కాదు. అయినా ఎవరూ షాపువాడితో పేచీ పెట్టుకోలేదు. పెళ్ళే కదా ఉండేది!

ఆ చిరిగిన పేజీని ఇప్పుడు రజస్వల ఫంక్షన్ల ఫ్లెక్సీ మీద అచ్చేస్తున్నాం. అమలాపురం, రాజోలు, ఎటు వెళ్ళినా సెంటర్లో పట్టుచీర కట్టుకున్న పిల్ల, చుట్టూ బంధువర్గం ఫొటోలు. చిమ్మిలి, మేనమామ చీర, కొబ్బరిచెట్ల మీద డ్రోను. స్టేజీ ఎక్కిన ప్రతివాళ్ళూ “అబ్బో, పెద్దదైపోయిందే!” అని అక్షింతలు వేస్తారు. ఆ పెద్దదే వారం తిరక్కుండా కాకినాడలో ఫలానా కాలేజీలో చదువుతానంటే, “నీకేం తెలుసే, చిన్నపిల్లవి” అంటారు.

1987 నాటి ఓల్గా ‘స్వేచ్ఛ’లో అరుణ ప్రేమించినవాణ్ణే పెళ్ళాడి, ఆ పెళ్ళిలో ఇమడలేక బయటికొచ్చి పెద్దదైంది. ఫంక్షన్లకెళ్ళే పెద్దలకో మనవి. ఈసారి కవర్లో అయిదువందల పదహార్లకి బదులు ఆ నవల చదివించండి. మళ్ళీ ఆ ఇంటి నుంచి మీకు పిలుపు రాదు. చదివింపుల డబ్బులు మీకు మిగులుతాయి, విస్తరి ఖర్చు వాళ్ళకి మిగులుతుంది.