ఉప్పు జాడీ చెప్పిన లెక్క

నేను ఉప్పు జాడీని. లాలాపేట్‌లో ఒక పాత ఇంటి వంటగదే నా లోకం. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో నాయనమ్మ గట్టిగా బేరమాడి నన్ను కొన్నది నిజానికి ఆవకాయ కోసం. తర్వాత పచ్చడికి ఇంకా పెద్ద జాడీ రావడంతో నన్ను ఉప్పుకు మార్చారు. హోదా తగ్గిందని నేనేమీ నొచ్చుకోలేదు. పచ్చడి పెట్టేది ఏడాదికోసారి. ఉప్పు కోసం పూటపూటా నా మూత తీయాల్సిందే. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. ఆ గర్వంలో కొంత నాకూ అంటింది.

తొలి రోజుల్లో నా కడుపులో గల్లుప్పు ఉండేది. బండి మీద బస్తాలు వేసుకుని, "ఉప్పోయ్" అని కేకలేస్తూ వీధిలోకి వచ్చేవాళ్లు. ఆ తర్వాత అయోడిన్ కలిపిన పొట్లాల ఉప్పు వచ్చింది. అయోడిన్ చాలక గొంతు దగ్గర వాపు వచ్చే గాయిటర్‌ను అరికట్టడానికి దేశంలో 1962లోనే కార్యక్రమం మొదలైంది. తేమ తగిలితే అయోడిన్ తగ్గిపోతుంది. అందుకే మూత బిగించి, పొయ్యి ఆవిరికి దూరంగా ఉంచితే నాకు సంతోషం.

మా పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు గుట్టు తేల్చడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే దాని మూలం.  1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చి ఉస్మానియా యూనివర్సిటీ పక్కన స్థిరపడింది. ఇప్పుడున్న పేరు 1969లో వచ్చింది. రక్తహీనతను తగ్గించడానికి ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును తయారుచేసింది అక్కడి శాస్త్రవేత్తలే. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ రోజూ తినేది గనుకనే ఆ మోత పని ఉప్పుకు అప్పగించారు. రోజూ తినేది గనుకనే, కాస్త ఎక్కువైనా ఇంటింటికీ జబ్బే.

మా ఇంట్లో ఆ జబ్బు తాత పేరుమీద వచ్చింది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొస్తాడు. నడిచిన ధైర్యంతో టిఫిన్‌లో కారప్పొడి, అన్నంలో ఆవకాయ, అంచుకు అప్పడం, మజ్జిగలో చిటికెడు ఉప్పు. "పొద్దుగాల నడిచొస్తున్నడు గదా, ఏం గాదు తియ్" అనేది నాయనమ్మ. తలనొప్పి లేదు, తల తిరగడం లేదు. వేరే పనికి డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ ఎక్కువని తేలింది. బీపీ తరచూ ఏ గుర్తూ చూపకుండానే ఉంటుంది. ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, దాంతో నాళాల్లో నెత్తురు పరిమాణం పెరిగి ఒత్తిడి పెరుగుతుంది.

ఆ రోజే ఇంట్లో ఒట్టు పెట్టుకున్నారు, ఉప్పు బంద్ అని. కోడలు ఉప్పు వేయకుండా బీరకాయ కూర వండింది. "ఇంత సప్పటి కూర దవాఖానల గూడ పెట్టరు" అన్నాడు తాత. చీకటి పడ్డాక ఆయన చెయ్యి నా కడుపులోకి వచ్చింది. ఆ ఒట్టు వారం తిరగలేదు. కాజీపేటలో ఉద్యోగం చేసే కొడుకు ఆదివారం వస్తూ గులాబీ రంగు ఉప్పు తెచ్చాడు. రంగు మారిందే గానీ అందులోనూ ఉన్నది సోడియమే.

ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే మనవరాలు మాత్రం ఒట్లు వద్దంది. పోషకాహార సంస్థ 2024 మేలో వెలువరించిన ఆహార సూత్రాలు మొత్తం 17. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని వాటిలో ఉంది. ఆ పిల్ల గోడ మీద లెక్క వేసింది. ఇంట్లో రోజూ తినేవాళ్లు నలుగురు. తలా 5 గ్రాములంటే రోజుకు 20. అంటే కిలో పొట్లం 50 రోజులు రావాలి. మాకేమో నెలకే అయిపోతోంది. తలకు 8 గ్రాముల పైమాట. బయట తినే మిక్చరు, బిస్కెట్లు, బజ్జీల ఉప్పు ఇందులో చేరనే లేదు. "తాతా, నిన్ను ఉప్పు మానెయ్యమంటలేను, చెంచా మార్చుమంటున్న" అన్నది.

ముందు నన్ను భోజనాల దగ్గర నుంచి లేపి వంటింటి పై అరలో పెట్టింది. పిడికిలితో వేసే అలవాటు పోయి అరచెంచా వచ్చింది. అన్నంలో, చపాతీ పిండిలో, మజ్జిగలో ఉప్పు పోయింది. కూరలో మాత్రం ఒక్కసారే, అదీ చివర్లో. ఆవకాయ ఆదివారానికి, అప్పడం పండక్కి వాయిదా పడ్డాయి. ఆ ఖాళీలోకి నిమ్మరసం, చింతపండు, నువ్వుల పొడి, వెల్లుల్లి, కొత్తిమీర వచ్చాయి. కొలత నెమ్మదిగా తగ్గించారు గనుక నాలుక తగాదాకు రాలేదు. కొన్ని వారాలు గడిచాక తాత ఎప్పుడూ తినే బండి మీద మిర్చి బజ్జీ కొని తెచ్చుకుని, ఒక్కటి కొరికి, "ఉప్పు కషాయం లెక్కుంది" అని పక్కన పెట్టాడు. అది విన్న రోజు నాకు ఉద్యోగం తగ్గినా బాధ వేయలేదు.

మాత్రలు మానలేదు, డాక్టర్ మాననివ్వలేదు కూడా. బీపీ మాత్రం అదుపులోకి వచ్చింది. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉండే ఉప్పుల మాట వస్తే, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాటి జోలికి పోవద్దని ఆ డాక్టరే హెచ్చరించాడు.

నేను చూసినంతలో అలవాటు ఉండేది తలలో కాదు, చేతిలో. చెయ్యి అందే చోట ఏముందో అదే నోట్లోకి పోతుంది. అందుకే గొప్ప శపథాలు చేయకండి. ఈసారి కొత్త ఉప్పు పొట్లం విప్పినప్పుడు దాని మీద తారీఖు రాయండి. అయిపోయిన రోజున పొట్లంలోని గ్రాములను రోజుల లెక్కతో, తర్వాత తలల లెక్కతో భాగించండి. తలకు రోజుకు 5 గ్రాములు దాటితే, నాలాంటి జాడీని మీ భోజనాల దగ్గర నుంచి ఆ పూటే లేపేయండి. అయోడిన్ ఉప్పు మానొద్దు, కొలత తగ్గించండి చాలు.