'గుడ్' అనే శిక్ష

కేంద్ర ప్రభుత్వోద్యోగి ఏడాది పొడవునా చేసిన పని చివరికి వార్షిక రిపోర్టులో పదికి ఇంత అనే ఒక అంకెగా తేలుతుంది. వేసేది రిపోర్టింగ్ ఆఫీసరు, సరిచూసేది రివ్యూయింగ్ ఆఫీసరు. ఎనిమిదీ ఆపైన 'అవుట్‌స్టాండింగ్', ఆరు నుంచి ఎనిమిదిలోపు 'వెరీ గుడ్', నాలుగు నుంచి ఆరులోపు 'గుడ్'. నాలుగుకు ఏ కాస్త తగ్గినా ప్రమోషన్ లెక్కలో సున్నాయే. తొమ్మిది, పది అరుదుగా పడాలని, వేస్తే కారణం రాయాలని నిబంధన. కారణాలకు కొరత లేదు కాబట్టి అరుదైనవాళ్లతో ఆఫీసులు కిటకిటలాడుతున్నాయి.

ఈ అంకె ఉద్యోగిని కొలుస్తుందన్న నమ్మకానికి ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే తూట్లు పొడిచాడు. సైనికాధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కుల్లో, దేహదారుఢ్యానికి ఎక్కువ పడ్డవాడికి తెలివికీ, నాయకత్వానికీ, శీలానికీ కూడా ఎక్కువే పడుతున్నట్టు తేలింది. మన ఆఫీసుల్లో కండలతో పనిలేదు. బెల్లు మోగీ మోగకముందే గదిలో ప్రత్యక్షమైతే చాలు, చొరవ మొదలు నిర్ణయశక్తి దాకా అన్నిట్లోనూ తొమ్మిదే. రిపోర్టు సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అందుకే ఏప్రిల్‌లో తలూపుడుగా ఉన్న నమస్కారం ఫిబ్రవరి నాటికి నడుం దాకా వంగుతుంది. అధికారి జ్ఞాపకం ఎన్నాళ్లు ఉంటుందో కిందివాళ్లకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు.

ఇంత ఉదారతలో నలిగేది 'గుడ్' వచ్చినవాడు. సరిహద్దు రోడ్ల సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దేవ్ దత్‌కు 1993-94లో 'గుడ్' పడింది. పై పదవికి ఐదేళ్లూ 'వెరీ గుడ్' కావాలి. జూనియర్లు ఎక్కేశారు, ఆయన ఆగిపోయాడు. చెడ్డ రిమార్కయితే తెలపాలి గానీ మెచ్చుకోలు తెలపనక్కర్లేదని ప్రభుత్వ వాదన! ఆయనను ఆపిన ఆ మెచ్చుకోలు నిజానికి ప్రతికూల వ్యాఖ్యేనని, ఏ గ్రేడయినా ఉద్యోగికి చూపాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు.

2009 నుంచి రిపోర్టు మొత్తం చూపిస్తున్నారు. పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. రహస్యంగా రాసినప్పుడే మొహమాటపడిన అధికారి, రోజూ ఎదురుపడేవాడికి ఐదు వేస్తాడా? 2016లో ఏడో వేతన సంఘం సిఫార్సుతో, ప్రమోషన్ రానివాళ్లకిచ్చే ఎంఏసీపీ పెంపుదలకూ 'వెరీ గుడ్' తప్పనిసరైంది. అంటే ఐదు వేయడం జీతానికి కోత పెట్టడమే. పది మార్కుల స్కేలులో వాడుకకు మిగిలింది ఆరు నుంచి పైనే. అందులోనూ ఏడు పడితే మొహం మాడ్చుకునే రోజులు.