బయోడైవర్సిటీ జంక్షన్‌లో తులసి మొక్క

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. జూన్ 5, పర్యావరణ దినోత్సవం వస్తే హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్ఆర్ విభాగాలది అదే తంతు. టీషర్టు పచ్చన, బ్యానర్ పచ్చన. కాగితం కప్పులు ఎత్తేసి తలా ఒక స్టీలు మగ్గు, తలా ఒక తులసి మొక్క. పర్యావరణ ప్రతిజ్ఞ కూడా ఉంటుంది; కాగితం దండగ కాకుండా అదీ ఆన్‌లైన్‌లోనే. ఆ మెయిలు వెనకే ఇంకో మెయిలు: వచ్చే నెల నుంచి వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందే.

ఈ పచ్చదనానికి పుస్తకాల్లో పేరు ‘గ్రీన్ హెచ్ఆర్ఎం’. ఉద్యోగంలోకి తీసుకోవడం, శిక్షణ, అప్రైజల్, జీతం, అన్నిటిలోనూ పర్యావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలంటుంది. సిద్ధాంతానికి వంక పెట్టలేం. ఆచరణే మగ్గు దగ్గర ఆగిపోయింది.

ఉద్యోగులు ఆఫీసుకు వచ్చిపోవడానికి కర్బన లెక్కల్లో సొంత పద్దే ఉంది: ‘స్కోప్ 3’ అనే పరోక్ష ఉద్గారాల జాబితాలో ఏడోది. 2023లో కార్నెల్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు అమెరికా ఉద్యోగుల లెక్క తీశారు. పూర్తిగా ఇంటి నుంచే పనిచేస్తే ఉద్గారాలు 54 శాతం దాకా తగ్గవచ్చు. వారంలో రెండు నుంచి నాలుగు రోజులైతే 11 నుంచి 29 శాతం. ఒక్క రోజైతే 2 శాతమే.

ఎవరు ఎన్ని రోజులు రావాలో తేల్చేది హెచ్ఆర్ పాలసీయే. ఆ పాలసీ జోలికి మాత్రం పచ్చదనం పోదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టు, అయిదు రోజులూ ఎందుకు రమ్మంటున్నారంటే ‘కల్చర్ కోసం’ అంటారు.

మరి నివేదికలో దొరికిపోరా? 2022-23 నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక (బీఆర్ఎస్ఆర్) ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. అందులో స్కోప్ 3ని ఐచ్ఛికంగా వదిలేసింది. అడగనిదే చెప్పడానికి ఎవరికి పట్టింది?

ఈ విద్యలో మనకు పెద్దన్నలూ ఉన్నారు. ప్లాస్టిక్ స్ట్రాలకు స్వస్తి చెబుతామని 2018లో ప్రకటించిన స్టార్‌బక్స్, 2024లో కొత్త సీఈఓ బ్రయన్ నికోల్‌కు కాలిఫోర్నియా ఇంటి నుంచి సియాటెల్ ఆఫీసుకు కంపెనీ జెట్‌లో వచ్చిపోయే వీలు కల్పించింది. దూరం సుమారు 1,600 కిలోమీటర్లు. విమానంలో కాఫీకి ఏ స్ట్రా ఇస్తారో మరి!

సాయంత్రం ఆరున్నర. 2012లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సుకు గుర్తుగా పేరు మిగిలిన బయోడైవర్సిటీ జంక్షన్. కారుకొక మనిషి, మనిషికొక తులసి మొక్క. బండి అంగుళం కదలడం లేదు. పక్క సీట్లో మొక్క వాడిపోతోందని, ఒకాయన ఏసీ గాలి దానివైపు తిప్పాడు.