నాకేంకాదు గారు

ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ ఒక నాకేంకాదు గారు ఉంటారు. మా దాంట్లో ఉన్నాయన సీనియర్ అసిస్టెంటు. యాభై దాటాయి. బొట్టు చెరగదు, చొక్కా ఇస్త్రీ నలగదు, పదిన్నరకల్లా కుర్చీలో ఉంటారు. కూర్చున్నాక ఫైలు కదులుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ఆయన ఆఫీసు మానరు. మానరు సరికదా, వచ్చి ఆ మాట నలుగురికీ చెప్పుకుంటారు. "మీ వదినకి నూట రెండు. పిల్లలిద్దరికీ నూట ఒకటి. అయినా వచ్చేశాను. మన డ్యూటీ మనది కదయ్యా" అంటూ ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేస్తారు. "మరి మీకు?" అని అడిగితే "నాకేం కాదు" అంటారు. సర్వీసు రిజిస్టర్లో వేరే పేరుంది గానీ, అటెండరుతో సహా మేమెవరమూ దాన్ని వాడం.

జబ్బుల విషయంలో ఆయనకో సిద్ధాంతం ఉంది. పరాయివాళ్ళ రోగం అంటుకుంటుంది, సొంతింటి రోగం అంటుకోదు. 2020లో ఎదురింటాయనకి పాజిటివ్ వస్తే ఈయన పద్నాలుగు రోజులు గుమ్మం దిగలేదు. పాలప్యాకెట్టు సబ్బునీళ్ళతో కడిగించారు. పైఆఫీసు నుంచి వచ్చిన కాగితాలు ఒకపూట ఎండలో పెట్టాకే తన బల్ల మీద పెట్టాలని అటెండరుకి ఫోన్లో ఆర్డరు వేశారు. 2023 వానల్లో కళ్ళకలక ఊళ్ళన్నీ చుట్టబెట్టినప్పుడు మాత్రం అది వాళ్ళమ్మాయికి వచ్చింది. సొంతింటిదే కనుక, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేశారు. "చూస్తే కదా అంటుకునేది? అద్దాలున్నాయిగా!" చూపుతో కళ్ళకలక రాదనీ, చేతులు, తువ్వాళ్ళు, దిండుగలీబుల వల్లే వస్తుందనీ డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆయన అద్దాల కిందికి వేలు పోనిచ్చి కన్ను నలుపుకున్నారు, ఆ వేలితోనే ఫైల్లో పేజీ తిప్పారు, స్టాంపు ప్యాడు మూత తీశారు, ఆపైన నా పెన్ను అడిగి తీసుకున్నారు. వారం తిరక్కుండా మా సెక్షనంతా నల్లద్దాలకు దిగింది. సూపరింటెండెంటు గారు మమ్మల్ని చూసి, "ఏం ఫంక్షనయ్యా?" అని అడిగారు.

ఇక ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక జరిగింది చెప్పాలి.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూరలు పంచుకోవడం మా సెక్షన్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ రోజు నాకేంకాదు గారు తన చెంచాతోనే బీరకాయ కూర నాకింత వేసి, పక్కనున్న జూనియర్ అసిస్టెంటు అమ్మాయి గిన్నెమూతలో ఇంకాస్త ఎక్కువ వేశారు. ఒక ముద్ద తిన్నాక ఆ అమ్మాయి ఆగింది. కూరలో ఆవగింజ లేదు. ఎండుమిర్చి ముక్క లేదు. కరివేపాకు వాసన కూడా లేదు. పప్పు చూస్తే అదీ అంతే.

"ఏంటి సార్, మేడంగారు తాళింపు మర్చిపోయారా?"

"మర్చిపోవడమేంటమ్మా! ఇంట్లో అమ్మవారు పోసింది కదా, తాళింపు పెట్టకూడదు. చిన్నాడికి మొన్న, పెద్దదానికి రాత్రి. తినమ్మా తిను, చలవ చేస్తుంది."

చెంచాలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. ఆ అమ్మాయికి అయిదో నెల.

చెయ్యి కడుక్కుని ఆ అమ్మాయి వెంటనే వాళ్ళ డాక్టరమ్మకి ఫోను చేసింది. స్పీకర్లో మేమూ విన్నాం. ఆటలమ్మ గాలిలో వచ్చే జబ్బు. పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది, అన్నీ పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. ఇంట్లో ఒకరికి వస్తే, అంతకుముందు రానివాళ్ళలో నూటికి తొంభైమంది దాకా దొరికిపోతారు. తగిలాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. గర్భిణికి వస్తే తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే. "నీకు చిన్నప్పుడు వచ్చిందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే ఆ అమ్మాయికి గుర్తులేదు. వెంటనే రక్తపరీక్ష చేయించుకోమన్నారు. కాన్పు సెలవు 180 రోజులకి తోడు కలుపుకుందామని దాచుకున్న ఈఎల్‌లు (ఆర్జిత సెలవులు) ఉంటే, ఆ మధ్యాహ్నమే వాటికి లెటరు రాసిచ్చి వెళ్ళిపోయింది.

ఇంత జరుగుతున్నా ఆయన పెరుగన్నం పూర్తిచేశారు. "మీరంతా అనవసరంగా కంగారు పడుతున్నారు. నాకు చిన్నప్పుడే పోసింది. ఒకసారి పోస్తే మళ్ళీ రాదు."

న్యాయంగా చెప్పాలంటే ఆ మాటలో నిజముంది. ఒకసారి వచ్చిపోయినవాడికి ఆటలమ్మ మళ్ళీ రావడం అరుదు. ఆ క్రిమి ఒంట్లోనే నరాల దగ్గర దాక్కుని కొందరికి పెద్దతనంలో సర్పిగా లేస్తుంది గానీ అది వేరే కథ. కాబట్టి ఆయనకి నిజంగా వచ్చి ఉంటే మా వాదన వీగిపోయినట్టే. సూపరింటెండెంటు గారు ఊరుకోక, "ఎందుకైనా మంచిది, ఒకసారి మీ అమ్మగారిని అడగండి" అన్నారు. నాకేంకాదు గారు ఊరికి ఫోను కలిపారు. పెద్దావిడకి వినికిడి తక్కువ, అందుకని తనూ అరిచే మాట్లాడుతుంది. స్పీకరు అక్కర్లేకపోయింది. "నీకెక్కడ పోసిందిరా? పోసింది పెద్దాడికి! నీకు అప్పుడు గవదబిళ్ళలు!"

సెక్షనంతా ఆయన మొహం వంక చూసింది. ఆయన చలించలేదు. "అన్నయ్యా నేనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. అప్పుడు అంటనిది ఇప్పుడేం అంటుతుందయ్యా? నాకేం కాదు."

అప్పుడు సూపరింటెండెంటు గారు రూల్సు బుక్కు తీశారు. ఆయనకి ఏ చిక్కొచ్చినా అదే దిక్కు. పాతకాలపు సెలవు నిబంధనల్లో క్వారంటైన్ లీవని ఒకటుండేది. ఉద్యోగి ఇంట్లో ఎవరికైనా అంటువ్యాధి వస్తే, హెల్త్ ఆఫీసరు సర్టిఫికెట్ మీద అతన్ని 21 రోజులు, తప్పకపోతే 30 రోజుల దాకా ఆఫీసుకి రావద్దనేవారు. జీతం కోత లేదు, డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఎంత బుద్ధిగా రాశారో అని మేం మెచ్చుకునేలోపు ఆయన కింది పేరా చదివారు. కలరాకి ఇవ్వొచ్చు, ప్లేగుకి ఇవ్వొచ్చు, మశూచికి ఇవ్వొచ్చు. ఆటలమ్మకి మాత్రం ఇవ్వకూడదు, అది ఆటలమ్మో మశూచో హెల్త్ ఆఫీసరుకే అనుమానం వస్తే తప్ప. మశూచి మన దేశంలో 1975లో ఆఖరు. ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. లేని రోగానికి సెలవుంది, ఉన్నదానికి లేదు. నాకేంకాదు గారు పుస్తకం ఆయన చేతిలోంచి మర్యాదగా తీసుకుని మూసి, "రూలే రమ్మంటోంది కదండీ" అన్నారు.

ఇలాంటివాళ్ళు మన దగ్గరే పుట్టారని అనుకోనక్కర్లేదు. న్యూయార్కులో మేరీ మలన్ అని ఒక వంటావిడ ఉండేది. ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నా ఆవిడకి నలతంటూ లేదు. తన వంట తిన్నవాళ్ళే మంచం పట్టేవారు. 1907లో పట్టుకుని దీవిలో ఉంచారు. ఇక గరిట పట్టనని మాటిచ్చి 1910లో బయటికొచ్చింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో, మారుపేరుతో, వంటే చేస్తూ దొరికింది. కానీ ఆవిడ పక్షాన ఒక మాట చెప్పొచ్చు. వంట మానాక ఆవిడకి దొరికిన బట్టలుతికే పనిలో వంటపనంత జీతం రాదు, ఇంట్లో కూర్చుంటే అసలే రాదు. మా నాకేంకాదు గారికి ఆ పాట్లేం లేవు. ఖాతాలో 300 ఈఎల్‌లు మూలుగుతున్నాయి. జనవరిలో 15, జూలైలో 15 జమపడుతూనే ఉంటాయి, 300 దాటినవి మురిగిపోతూనే ఉంటాయి. మురిగిపోయినా సరే, వాడరు. వాళ్ళావిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. అక్కడ ఒకరోజు మానితే ఒకరోజు జీతం కోత. పిల్లలకి అమ్మవారు పోస్తే సెలవు పెట్టిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకిలా అని చాలాకాలం నాకూ అంతుపట్టలేదు. ఒకరోజు టీ దగ్గర అసలు మాట జారింది. "ఇంట్లో ఉండి ఏం చెయ్యమంటావయ్యా? చిన్నాడు దురదని ఒకటే ఏడుపు. గోళ్ళు కత్తిరించాలి, వాడు పడనివ్వడు. పెద్దది వేపమండతో విసరమంటుంది, విసురుతుంటే సరిగ్గా విసరట్లేదంటుంది. మీ వదినకి నడుంనొప్పి. పాలు చూడమంటుంది, చూస్తూ ఉండగానే పొంగిపోతాయి. ఇక్కడైతే ఫ్యాను కింద హాయిగా ఉంటుంది." అప్పటికి గానీ నాకు బోధపడలేదు. ఆయన ఆఫీసుకి రావడం లేదు, ఇంట్లోంచి పారిపోతున్నారు. ఇక్కడి రిజిస్టర్లో హాజరని పడ్డ ప్రతిరోజూ అక్కడ గైర్హాజరే.

అలాగని ఆచారం తప్పే మనిషి కాదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పెద్దలు వాటిని అలంకారానికి కట్టలేదు. లోపల జబ్బుంది, ఎవరూ గడప తొక్కొద్దని ఊరికి చెప్పడానికి కట్టారు. ఆ ఇంటివాళ్ళూ పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళేవారు కాదు. టీకాలు లేని రోజుల్లో అదే కట్టడి. నాకేంకాదు గారు అందులో సగం తు.చ. తప్పకుండా పాటించారు. చూడ్డానికొచ్చిన బావమరిదిని వీధిలోంచే పంపించారు. ఇన్సూరెన్సు ఏజెంటుని గేటు దగ్గరే ఆపేశారు. ఆ పని కాగానే వేపమండలు జుట్టుకి తగలకుండా తల వంచుకుని బయటికొచ్చి స్కూటరెక్కారు.

మా వీధి చివరే వాళ్ళిల్లు కనుక ఇలాంటివి నా చెవిన పడుతుంటాయి. వాళ్ళింటికి అమ్మవారు రావడానికి నెల ముందే పనిమనిషి కొడుక్కి పోసింది. ఆ సంగతి తెలిసిన క్షణం ఈయన ఆవిణ్ణి గేటు బయటే నిలబెట్టారు.

"నాకు చిన్నప్పుడే పోసిందయ్యగారూ, నాకేం కాదు" అంది ఆవిడ.

"నీకు కాకపోతే సరిపోయిందా? మా ఇంటిల్లిపాదికీ తగిలిద్దామనా? పదిరోజులు ఈ చుట్టుపక్కల కనపడకు!"

చిన్నప్పుడే పోసినావిడకి అది వర్తించదు గానీ, మాట మాత్రం సరైనదే. మళ్ళీ ఆ మాటే తనకి తాను చెప్పుకోలేదు, అంతే.

ఉగాది ముందురోజు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను చేస్తే నూతిలోంచి వచ్చినట్టుంది గొంతు. మొహం నిండా, నాలుక మీద, అరికాళ్ళలో కూడా పోసిందట. పిల్లలకి తేలిగ్గా పోయేది పెద్దవాళ్ళని పిండి వదులుతుంది. "చూశావా, ఆఫీసులో ఎవరో తగిలించారయ్యా. గుంపులో పనిచేస్తే ఇంతే మరి!" అన్నారు. వాళ్ళావిడ నడుంనొప్పితోనే మళ్ళీ జావ కాచడం మొదలుపెట్టింది. ఆవిడకి ఇంకో నెల జీతంలో కోత పడింది.

జూనియర్ అసిస్టెంటు అమ్మాయికి పరీక్షలో భయమేం లేదని తేలింది. వాడిన ఈఎల్‌లు మాత్రం తిరిగి రావు. నాకేంకాదు గారు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, హాఫ్‌పే లీవు కమ్యూట్ చేయించుకుని, మంచం మీద ఉన్నన్నాళ్ళకీ పూర్తి జీతం తీసుకున్నారు. ఆ 300 ఈఎల్‌ల జోలికి పోలేదు. పనిమనిషికి ఆ పదిరోజుల జీతం ఇంతవరకూ ఇవ్వలేదు. అడిగితే, "పని చెయ్యని రోజులకి జీతమేంటి?" అన్నారట.