నల్లతెర అల్లుడుగారు

మా బావ ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడగడు. రూట్ పాస్‌వర్డ్ అడుగుతాడు.

చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, హాల్లో కూర్చున్నవాళ్లకి ఓ నమస్కారం పారేసి, తిన్నగా కంప్యూటరున్న మూలకి నడుస్తాడు. మౌస్‌ని రెండు వేళ్లతో ఎత్తి, బోనులో పడ్డ ఎలకని తీసినట్టు, పక్కన పెడతాడు. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి ఒక్క నొక్కు. నల్లతెర లేస్తుంది. ఆ తరవాత ఆ ఇంట్లో పెళ్లిసంబంధం మాట్లాడుతున్నా, పొలం పంపకాలు జరుగుతున్నా ఆయనకి పట్టదు.

ఈ కోవ మనుషులు ఇప్పుడు మనలో బాగానే తయారయ్యారు. ఒకప్పుడు చుట్టపుచూపుగా వచ్చి రేడియో వెనక అట్ట ఊడదీసే బాబాయిలు ఉండేవాళ్లు. వీళ్లు వాళ్ల వారసులు. పోల్చుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ మూత మీద లినక్స్ వాళ్ల పెంగ్విన్ బొమ్మ ఉంటుంది. టైపు కొడుతున్నంతసేపూ తెరవైపు చూడరు, మన మొహంలోకి చూస్తారు. సెట్టింగుల్లోకి వెళ్లి రెండు నొక్కుల్లో తేల్చే పనిని ఎనిమిది కమాండ్లతో సాధించి, "ఎంత సులువో చూశారా!" అంటారు. ఐఫోన్ పట్టుకున్నవాడు దొరికాడా, 2018 ఫిబ్రవరి సంగతి ఎత్తకుండా వదలరు. 'జ్ఞా' అక్షరపు ఒకానొక కూర్పు మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి; యాపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా ఊపిరాడలేదు. బావ ఆ కథ చెప్పే తీరు చూస్తే 'జ్ఞా'ని స్వయంగా చెక్కి పంపించాడేమో అనిపిస్తుంది.

మా నాన్న తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. తను రాసుకున్న వ్యాసాలు కంప్యూటర్లో టైపు చేసుకోవాలని ఆయన కోరిక. ఆ ముక్క పొరపాటున భోజనాల దగ్గర అల్లుడి చెవిన వేశారు.

"అదెంత పని మావయ్యగారూ!" అంటూ బావ పెరుగన్నం మధ్యలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ముందు ఉపన్యాసం. అందులో మాత్రం ఆయనకి వంక పెట్టలేను. "భాష వేరు, కీబోర్డు వేరు, ఫాంటు వేరు. భాష మారిస్తే మెనూలు మారతాయి. కీబోర్డు మారిస్తే మీట కింద అక్షరం మారుతుంది. ఫాంటు లేకపోతే ఆ రెండూ ఉండి కూడా డబ్బాలే కనిపిస్తాయి." మనం ఈ మూడింటినీ కలిపి "తెలుగు రావట్లేదు" అని ఒకే ఏడుపు ఏడుస్తాం.

"లొకేల్‌సీటీఎల్, సెట్ లొకేల్, లాంగ్ ఈక్వల్స్, టీ ఈ అండర్‌స్కోర్ ఐ ఎన్ డాట్ యూటీఎఫ్ ఎయిట్" అని పైకి చదువుతూ కొట్టాడు. అచ్చం సంకల్పం చెప్పినట్టే ఉంది. ముందు భాష, తరవాత దేశం, ఆ పైన అక్షరాల సంకేతం: గోత్రనామాలు ఏ ఒక్కటి తప్పినా పూజ చెల్లదు. ఓసారి బయటికెళ్లి మళ్లీ లాగిన్ అయి తేదీ అడిగితే, 'గురువారం' అని తెలుగులో వచ్చింది. నాన్న కళ్లజోడు సవరించుకున్నారు.

తరవాత కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్ పెట్టాడు. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. క ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే ఖ. అల్పప్రాణం నెత్తిన మహాప్రాణం! "ఇది వ్యాకరణం చదువుకున్నవాడు కట్టిన కీబోర్డు" అని నాన్న మురిసిపోయారు. ఆ మురిపెంలో, ఇంగ్లీషు అమరికని బావ పూర్తిగా పీకేశాడన్న సంగతి ఎవరూ గమనించలేదు. బావ అసలే గమనించలేదు.

అలవాటు ప్రకారం మా మొహాల్లోకి చూస్తూ ఫైళ్ల జాబితా కోసం ఎల్, ఎస్ కొట్టి ఎంటర్ నొక్కాడు. ఎల్ మీట కింద ఇప్పుడు త ఉంది, ఎస్ కింద ఏత్వం.

తెర మీద ఏం కనిపించినా పైకి చదవడం నాన్నకి బడినాటి అలవాటు. "తే" అన్నారు.

"ఏం తేవాలిట?" అంది అమ్మ వంటింట్లోంచి.

బావ చిరాగ్గా సీ, డీ కొట్టాడు. మ, దానికి పొల్లు. "మ్ అంటోంది, అలిగినట్టుంది" అన్నారు నాన్న. ఇక లాభం లేదని సూడో కొట్టాడు. ఆనుకోడానికి హల్లు లేక ఏత్వం చుక్కల సున్నా మీద వేలాడింది, దాని పక్కన 'హ్ద' అని పడింది. నాన్న దీన్ని పైకి చదవలేదు. అల్లుడి ఎదుట అపశబ్దం పలకడం ఇష్టంలేక కాబోలు.

బావ పవర్ బటన్ నొక్కి రీబూట్ చేశాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ పెట్టే చోట కూడా తెలుగే. అక్కడ పడేవి చుక్కలు; చుక్కలకి భాషేముంది? మూడుసార్లు కొట్టి మూడుసార్లూ దెబ్బతిన్నాక అర్థమైంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు నొక్కి అసలు సిసలు నల్లతెరలోకి దిగాడు. దాని కీబోర్డు ఖాతా వేరు కాబట్టి అక్కడ ఇంగ్లీషు బతికే ఉంది, లాగిన్ అయ్యాడు. కానీ భాష తెలుగాయె. ఆ తెర ఫాంటులో మహా అయితే 512 ఆకారాలు పడతాయి, ఒత్తులూ గుణింతాలూ అతికించే యంత్రాంగం దానికి లేదు. తేదీ అడిగితే గురువారం కాస్తా తెల్ల డబ్బాల వరసగా వచ్చింది. "ఎన్ని అక్షరాలో లెక్క మాత్రం తెలుస్తోంది" అన్నారు నాన్న, అల్లుణ్ణి నొప్పించకుండా.

రాత్రి పదకొండున్నరకి రెండు అమరికలూ కుదిరాయి. ఆల్ట్, షిఫ్టు కలిపి నొక్కితే ఇటు, మళ్లీ నొక్కితే అటు.

మర్నాడు బస్టాండుకి దింపుతూ అడిగాను, "మీ ల్యాప్‌టాప్ కూడా తెలుగేనా బావా?" అని. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంగ్లీషేనోయ్. ఏదైనా తేడా వస్తే ఆ ఎర్రర్ ఇంగ్లీషులో ఉంటేనే కదా, వెతికితే మందు దొరికేది."

నాన్న మీటల మీద కాగితం ముక్కలు బంకతో అంటించుకుని, నెల తిరక్కుండా చేయి తిప్పుకున్నారు. సంక్రాంతికి బావ మళ్లీ వచ్చాడు. గుమ్మంలోంచే, "మావయ్యగారూ, కొత్త వెర్షన్ వచ్చింది. రెండే కమాండ్లు!"

అల్లుణ్ణి కాదనలేరు. "రండి, కూర్చోండి" అని నాన్న కుర్చీ ఖాళీ చేశారు. లేస్తూ లేస్తూ ఆల్ట్, షిఫ్టు నొక్కి లేచారు.

బావ నా మొహంలోకి చూస్తూ ఎల్, ఎస్, ఎంటర్ కొట్టాడు.

"తే" అన్నారు నాన్న.

"తెస్తున్నా! కాఫీయే కదా అల్లుడుగారూ?" అంది అమ్మ.