‘సెకండ్’ శబ్దానికి రుద్రూర్ టీక

మూలము: “ఒక్క సెకండ్ ఆగున్రి సార్. సెకండ్ హ్యాండ్ బండి గదా, సెకండ్ గేర్ పడ్తలేదు.”

అవతారిక: బాన్సువాడ వైపు నుంచి రుద్రూర్ వచ్చే దారిలో, పొలాల మధ్య ఆగిపోయిన ఆటోలో వెలువడిన వాక్యం. వక్త ఆటో నడిపే తమ్ముడు. శ్రోత వెనక సీట్లో నలుగురి నడుమ ఇరుక్కున్న ఈ టీకాకారుడు. మంజీర ఎగువన ఉన్న కొల్చారం, సంస్కృత కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథ సూరి ఊరు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆ మంజీర నీళ్లే నిజాంసాగర్ కాలువ పట్టుకొని ఇటు వస్తాయి గాని, రెండో నియమం దారిలో ఎక్కడో ఇంకిపోయింది.

ప్రతిపదార్థము: ఒక్క సెకండ్ = సీజియం-133 పరమాణు కిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించే కాలమని 1967లో శాస్త్రవేత్తలు తీర్మానించినది, ఇచట మాత్రం అరగంట; ఆగున్రి = దిగుమని ధ్వని; సార్ = పాదపూరణము; సెకండ్ హ్యాండ్ = మొదటి చెయ్యి ఎవరిదో అడగరాదని భావము; గదా = తప్పు నాది కాదను అవ్యయము; పడ్తలేదు = ఆటోకు కూడా సమాపక క్రియ.

వ్యుత్పత్తి: లాటిన్‌లో ‘సెక్వీ’ అంటే వెంట నడవడం, ‘సెకుందుస్’ అంటే వెంట వచ్చేది. ఆ ధాతువుకు సంస్కృతంలో తోబుట్టువు ‘సచ్’, దాని బిడ్డ సచివుడు. రాజు వెనక మంత్రి నడిచినట్టే ఒకటి వెనక రెండు. ఫస్ట్, థర్డ్ ఇంగ్లిషు ఇంట్లో పుట్టినవే. సెకండ్ ఒక్కటే ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నది. అంతకుముందు వాళ్లు ‘అదర్’తోనే నెట్టుకొచ్చారు, మరొకటన్నా రెండోదన్నా అదే మాట. అంటే ఇంగ్లిషులో సెకండ్ శబ్దమే సెకండ్ హ్యాండ్! ఇది శ్లేష కాదు, చరిత్ర. నవ్వే హక్కు మనకూ లేదు: మన ‘మొదటి’కి ‘ఒకటి’తో ఏ చుట్టరికమూ కనబడదు.

పూర్వపక్షము: వరుసకూ కాలానికీ ఒకే మాట ఎట్లా కుదిరింది?

సమాధానము: గంటను 60 చేస్తే వచ్చినవి మొదటి చిన్న ముక్కలు, లాటిన్ పండితుల నోట ‘పార్స్ మినుతా ప్రీమా’. వాటిని మళ్లీ 60 చేస్తే రెండో చిన్న ముక్కలు, ‘మినుతా సెకుందా’. మొదటివాటికి చిన్నతనం మిగిలి మినిట్ అయ్యాయి, రెండోవాటికి వరుస మిగిలి సెకండ్ అయ్యాయి. మనవాళ్లూ 24 నిమిషాల ఘడియను 60 చేశారు. కనుక మన విఘడియకు వీళ్ల సెకండ్లు 24. తమ్ముడు “ఒక్క విఘడియ” అని ఉంటే అబద్ధం కొంతైనా తగ్గేది.

ప్రయోగ విశేషము: రైల్వే వారు 1974లో థర్డ్ క్లాసు ఎత్తేసి సెకండ్ అన్నారు. ఎక్కేవాళ్లు వాళ్లే, ఒక అంకె పైకి జరిగారు. కాలువ కింది రైతుకు ఈ లెక్కే అక్కర్లేదు. వానకాలం వెనక యాసంగి వస్తుంది, పాత కాగితాల్లో ఆబి వెనక తాబి. చెరకు మొక్క తోట నరికాక దుబ్బుల నుంచి లేచేది కార్శి. చెరకుకూ వరికీ పరిశోధన కేంద్రమున్న ఊళ్లో రెండో పంటకు అంకెతో పనిలేదు, పేరే ఉంది.

తాత్పర్యము: దిగి, రుద్రూర్ దాకా నూకున్రి.